టీచరును వర్క్ కోఆర్డినేటర్‌గా తయారు చేయడం ఎలా

విద్యార్థుల్ని వారంలో కొన్ని గంటలు గ్యారేజీకో ల్యాబ్‌కో ఆఫీసుకో పంపి, అక్కడి పనిలోనే చదువు నేర్పించే కార్యక్రమం బాగా నడిచిందంటే దాని వెనుక మంచి కోఆర్డినేటర్ ఉన్నట్టే. ఆ బాధ్యత సాధారణంగా బడిలో ఉన్న టీచరుకే అప్పగిస్తారు. రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి, ఫారాల కట్ట చేతికిచ్చి పంపేస్తారు. ఆ టీచరు ఫారాలు నింపగలుగుతారు. కానీ పిల్లవాడు మూడు వారాలుగా ఊడ్చడం తప్ప ఇంకేమీ చేయట్లేదన్న సంగతి పట్టుకోలేరు. పనిచోటిని చూసే కన్ను తరగతి గదిలో కూర్చుంటే రాదు. అందుకే ఈ శిక్షణలో సగానికి పైగా సమయం బడి బయటే గడవాలి. 12 వారాలు పెట్టుకుంటే నింపాదిగా నడుస్తుంది: వారానికి ఒక మధ్యాహ్నం కలిసి కూర్చోవడం, మిగతాదంతా పనిచోట్లలో. ఒక బ్యాచ్‌లో 8 నుంచి 10 మంది చాలు. అంతకు మించితే, విద్యార్థిని పనిచోట చూడటానికి వెళ్లే ఒక్కొక్కరి విజిట్‌కి తోడు వెళ్లడం కుదరదు.

మొదలుపెట్టే ముందు టైమ్‌టేబుల్

శిక్షణ ఎంత బాగా జరిగినా, తర్వాత ఆ టీచరుకు నిండా పీరియడ్లు వేస్తే కష్టమంతా వృథా. హెడ్‌మాస్టర్‌తో ఈ లెక్క ముందే వేయించండి. 20 మంది విద్యార్థులు, ఒక్కొక్కరిని 4 వారాలకు ఒకసారి చూడాలంటే వారానికి 5 విజిట్లు. విజిట్‌కి 40 నిమిషాలు, రానుపోను ఇంకో 40 నిమిషాలు అనుకుంటే దాదాపు 7 గంటలు. ఫోన్లు, విద్యార్థులు తమ పని రాసే లాగ్‌బుక్‌లు చదవడం, కొత్త యజమానుల్ని కలవడం కలిపితే వారానికి 10 గంటలు దాటుతుంది. ఆ గంటలు కూడా ముక్కలుగా ఉంటే పనికిరావు. రోజుకో ఖాళీ పీరియడ్ ఇస్తే గేటు దాటి వెళ్లి రావడానికే సరిపోదు. వారంలో రెండు పూటలు పూర్తిగా ఖాళీగా ఉండాలి. ఈ హామీ రాతపూర్వకంగా రాకపోతే ఆ బడి నుంచి టీచరును చేర్చుకోకపోవడమే మేలు.

మొదటి మూడు రోజులు: నిలబడి చూడటం

శిక్షణ మొదటి వారంలోనే ప్రతి టీచరునూ తనకు బొత్తిగా పరిచయం లేని పనిచోటికి 3 రోజులు పంపండి. లెక్కల టీచరును గ్యారేజీకి, భాషా టీచరును గోడౌన్‌కి. పూర్తి షిఫ్ట్ ఉండాలి. పనివాళ్లతో పాటు వచ్చి వాళ్లతో పాటే వెళ్లాలి. చేతిలో ఒక నోట్‌బుక్, అందులో మూడు గడులు: సమయం, ఎవరు ఏం చేశారు, అది చేయడానికి ఏం తెలిసి ఉండాలి. ప్రతి అరగంటకీ ఒక వరుస రాయాలి.

మొదటి రోజు రాతలు దాదాపు అందరివీ ఒకేలా ఉంటాయి: ‘మెకానిక్ ఇంజన్ ఆయిల్ మార్చాడు’. రెండో రోజు అదే పనిని విడదీసి రాయమనండి. బండిని లిఫ్ట్ మీద ఎక్కించి లాక్ పడిందో లేదో చూడటం. డ్రెయిన్ బోల్ట్ విప్పి పాత ఆయిల్ దించడం. పాత ఫిల్టర్ తీశాక దాని రబ్బరు రింగు ఫిల్టర్‌తో పాటే వచ్చిందా, ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయిందా అని చూడటం. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి చేత్తో బిగించడం. బోల్ట్‌కు కొత్త వాషర్ వేసి, మాన్యువల్‌లో చెప్పినంత బిగువుకే టార్క్ రెంచ్‌తో తిప్పడం. ఆయిల్ పోసి, ఇంజన్ నడిపి, కింద చుక్క పడుతోందేమో చూసి, ఆపాక కొన్ని నిమిషాలు ఆగి, ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ తీయడం.

ఇంత వివరం ఎందుకంటే, పాత రింగు అతుక్కుని ఉండగానే దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే ఆయిల్ బయటికి కారిపోతుంది, కనిపెట్టకపోతే ఇంజనే పోతుంది. ఈ ఒక్క సంగతి తెలిసిన కోఆర్డినేటర్ విద్యార్థిని ‘ఆయిల్ మార్చడం వచ్చా?’ అని అడగరు. ‘పాత ఫిల్టర్ తీయగానే ముందు ఏం చూస్తావు?’ అని అడుగుతారు. ఆ జవాబులో పిల్లవాడు నిజంగా చేశాడో, పక్కన నిలబడి చూశాడో తేలిపోతుంది. ప్రతి వృత్తిలోనూ ఇలాంటి ప్రశ్నలు ఉంటాయి. మూడు రోజుల్లో కనీసం 5 ప్రశ్నలు పట్టుకుని రావడమే టీచరుకిచ్చే హోంవర్క్.

శిక్షణ ప్రణాళిక రాయించడం

పనిచోట విద్యార్థి ఏయే పనులు నేర్చుకోవాలో రాసే కాగితం ఇది, ప్రతి విద్యార్థికీ ఉండాల్సిన ముఖ్యమైన కాగితం ఇదే. టీచర్లు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. సిలబస్ రాసిన అలవాటుతో ‘కస్టమర్ సేవలో నైపుణ్యం పెంపొందించుకుంటాడు’ అని రాస్తారు. పెంపొందించుకున్నాడో లేదో ఎవరు, ఏం చూసి చెప్పాలి? దాని బదులు ‘ఫిర్యాదుతో వచ్చినవారి మాట పూర్తిగా విని, వివరాలు రిజిస్టర్‌లో రాసి, ఎవరికి అప్పగించాలో ఆ వ్యక్తికి అప్పగిస్తాడు’ అని రాస్తే సూపర్‌వైజర్ చూసి టిక్ పెట్టగలడు.

ఒక టర్మ్‌కు 8 నుంచి 12 పనులు చాలు. 30 పనులు రాస్తే సూపర్‌వైజర్ రెండో వారం నుంచి ఆ కాగితం తెరవడు. ప్రతి పనికీ నాలుగు మెట్లు పెట్టండి: చూశాడు, పక్కన ఒకరుండగా చేశాడు, ఒంటరిగా చేశాడు, ఇంకొకరికి చూపించగలడు. మార్కులు వద్దు. పదికి ఏడు అంటే దానర్థం ఏమిటో వేసినవారికే స్పష్టంగా తెలియదు. ‘ఒంటరిగా చేశాడు’ అంటే సూపర్‌వైజర్‌కూ కోఆర్డినేటర్‌కూ ఒకటే అర్థం.

శిక్షణలో ఈ ప్రణాళిక కనీసం మూడుసార్లు రాయించండి. మొదటిది తమ మూడు రోజుల నోట్‌బుక్ నుంచి. రెండోది పక్క టీచరు నోట్‌బుక్ నుంచి. అక్కడ ఏం తక్కువైందో ఇద్దరికీ అర్థమవుతుంది. మూడోది నిజమైన సూపర్‌వైజర్ ఎదురుగా కూర్చుని, ఆయన మాటల్లో. ఆయన ‘ఈ పని కొత్తవాళ్లకు మేం ఇవ్వం’ అన్నది కొట్టేయాలి. ‘ఇది రాకపోతే మాకు లాభం లేదు’ అన్నది పైకి రావాలి. మూడోది రాసేసరికి ఒక్కొక్కరికి రెండు గంటలు పడుతుంది. తొందరపెట్టకండి.

యజమానితో మాట్లాడటం

ఇది జంటలుగా చేసి చూపించే సాధన. ఒకరు యజమాని, ఒకరు కోఆర్డినేటర్, చేతిలో 10 నిమిషాలు. చాలామంది టీచర్లు ‘మా పిల్లలకు కాస్త సాయం చేయండి’ అని మొదలుపెడతారు. అలా మొదలైతే యజమాని దాన్ని దానంగా తీసుకుంటాడు, పని ఎక్కువైన రోజు ఆ దానం ఆగిపోతుంది. ముందు ఆయన పని గురించి అడిగించండి: కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలో ఎక్కడ తప్పు చేస్తున్నారు, ఏ పనికి మనుషులు దొరకట్లేదు. ఆ తర్వాతే విద్యార్థి ఏ రోజుల్లో, ఎన్ని గంటలు వస్తాడు, ఎవరి కింద ఉంటాడు, కోఆర్డినేటర్ ఎన్నిసార్లు వస్తారు అన్నవి చెప్పాలి.

యజమానులు అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే సిద్ధంగా ఉండాలి: వస్తువు పాడైతే ఎవరు భరిస్తారు, దెబ్బ తగిలితే బీమా ఎవరిది, కుదరకపోతే వెనక్కి పంపవచ్చా. తెలియని ప్రశ్నకు అక్కడికక్కడ అల్లి చెప్పకూడదు. ‘రేపు సాయంత్రంలోగా కనుక్కుని చెబుతాను’ అని, చెప్పినట్టే చెప్పాలి. నమ్మకం అక్కడ మొదలవుతుంది.

వయసు, భద్రత, ఒప్పందం

మీ దేశం, మీ రాష్ట్రం చట్టాలు ఏం చెబుతున్నాయో ఒక పేజీలో రాసి ప్రతి టీచరుకూ ఇవ్వండి. పని గంటలు, రాత్రి పని, నిషిద్ధ పనులు, చెల్లింపు అందులో ఉండాలి. వాటికి పునాది ఎక్కడుందో కూడా తెలియాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందం పనిలో చేరే కనీస వయసు సాధారణంగా 15 ఏళ్లకు తగ్గకూడదంటుంది. ప్రమాదకరమైన పనులకు 18 నిండాలంటుంది. చదువులో భాగంగా, నిర్ణీత షరతులతో సంస్థల్లో చేసే పనికి 14 ఏళ్లు నిండినవారి విషయంలో మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు పేరు చెప్పి పిల్లల్ని ఉత్త పనివాళ్లుగా వాడుకోవడం సులువు. రాసి పెట్టుకున్న శిక్షణ ప్రణాళికే వాళ్లకు రక్ష. అదే సంస్థ 1999లో చేసిన 190వ సిఫార్సు ప్రమాదకరమైన పనులేమిటో చెబుతుంది: భూగర్భంలో, నీటి అడుగున, ప్రమాదకరమైన ఎత్తుల్లో, ఇరుకు చోట్ల పని, ప్రమాదకర యంత్రాలు, పెద్ద బరువులు, హానికర రసాయనాలు, విపరీతమైన శబ్దం, ఎక్కువ గంటలు, రాత్రి వేళలు. ఈ జాబితా చేత్తో పట్టుకుని పనిచోటు చుట్టి రావాలి.

చుట్టి వచ్చేటప్పుడు టీచర్లు గోడ మీది బోర్డులు చదివి సరిపెట్టుకుంటారు. వాళ్ల చూపు నేల మీదికి, మనుషుల మీదికి తిప్పించండి. అత్యవసర ద్వారం ముందు అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయా? యంత్రానికి గార్డు, అంటే చేయి తగలకుండా ఉండే రక్షణ కవచం, ఉందా, లేక తీసి పక్కన పెట్టారా? విద్యార్థి చేతికి సరిపోయే సైజు గ్లవ్స్ ఉన్నాయా? వదులు గ్లవ్స్ తిరిగే యంత్రం దగ్గర ఇంకా ప్రమాదం. సూపర్‌వైజర్ భోజనానికి వెళ్తే ఆ అరగంట విద్యార్థిని చూసేదెవరు? టాయిలెట్ ఎక్కడ, తలుపుకు గడియ ఉందా? సాయంత్రం ఇంటికి ఎలా వెళ్తారు?

విద్యార్థిని పనిచోటికి పంపే ఒప్పందం మీద నలుగురి సంతకాలు ఉండాలి: విద్యార్థి, తల్లిదండ్రులు, యజమాని, బడి. సంతకాలన్నీ పడేదాకా పని మొదలు కాకూడదు. ‘సోమవారం వచ్చేయమనండి, కాగితాలు తర్వాత చూద్దాం’ అన్న మాటకు మర్యాదగా కాదనడం కూడా సాధన చేయించాల్సిందే.

విజిట్

ఒక విజిట్‌కి 40 నిమిషాలు, ఈ వరుసలో. ముందు 15 నిమిషాలు మాట్లాడకుండా విద్యార్థి పని చూడటం. తర్వాత సూపర్‌వైజర్‌తో విడిగా 10. విద్యార్థితో విడిగా 10. చివరి 5 నిమిషాలు ముగ్గురూ కలిసి, వచ్చే విజిట్‌కి ఏ పని ఏ మెట్టుకు చేరాలో అనుకోవడం.

ఆ మొదటి 15 నిమిషాలే టీచర్లకు కష్టం. పిల్లవాడు తప్పు చేస్తుంటే నోరు ఆగదు, వెళ్లి సరిచేసేస్తారు. అప్పుడు నేర్పాల్సిన సూపర్‌వైజర్ పక్కకు జరుగుతాడు, విద్యార్థి ఎవరి మాట వినాలో తెలియక నిలబడిపోతాడు. ప్రమాదం ఉంటే వెంటనే ఆపాలి, మిగతా ఏ తప్పైనా రాసుకుని తర్వాత సూపర్‌వైజర్‌తో మాట్లాడాలి.

‘అంతా బాగుందా?’ అని అడిగితే ‘బాగుందండి’ అనే వస్తుంది. ‘ఈ వారం ఏ పని మొదటిసారి ఒంటరిగా చేశావు?’, ‘నీకు ఇంకా ఇవ్వని పని ఏది?’, ‘ఎవరి పక్కన పనిచేయడం ఇబ్బందిగా ఉంది?’ అని అడిగితే సంగతులు బయటికొస్తాయి. లాగ్‌బుక్‌లో మూడు వారాలు ఒకే వాక్యం కనిపిస్తే విద్యార్థి బద్ధకమని అనుకోవద్దు. పని మారలేదేమో ముందు చూడాలి.

శిక్షణలో ప్రతి టీచరూ 6 విజిట్లు చేయాలి. రెండింటిలో అనుభవమున్న కోఆర్డినేటర్ నడుపుతుంటే టీచరు వెనక ఉండి చూడాలి, రెండింటిలో సగం సగం పంచుకోవాలి, రెండింటిలో టీచరు తనే నడపాలి, అనుభవమున్నవారు నోరు విప్పకుండా గమనించాలి. తిరుగు దారిలోనే, జ్ఞాపకం ఆరకముందే ఏం గమనించారో చెప్పుకోవాలి.

చిక్కు వచ్చినప్పుడు

సందర్భాలు చీటీల మీద రాసి ఇవ్వండి. గార్డు తీసేసిన కోత యంత్రం మీద విద్యార్థి కనిపించాడు. ఒక ఉద్యోగి విద్యార్థినితో అసభ్యంగా మాట్లాడుతున్నాడు. పిల్లవాడు చెప్పకుండా మానేశాడు. యజమాని సెలవు రోజుల్లో కూడా రమ్మంటున్నాడు. ఒక్కో చీటీకి మూడు జవాబులు రాయాలి: ఈ గంటలో ఏం చేయాలి, ఈరోజు ఎవరికి చెప్పాలి, ఈ వారం ఏం మారాలి. మొదటి రెండు చీటీలకు ‘యజమానితో మాట్లాడి చూస్తాను’ అని రాస్తే ఒప్పుకోవద్దు. విద్యార్థిని ముందు అక్కడి నుంచి తీసుకురావాలి, మాటలు తర్వాత. అలా తీసుకొచ్చే అధికారం కోఆర్డినేటర్‌కు ఉందని, దానివల్ల ఆ పనిచోటు చేజారినా అడిగేవారు లేరని బడి యాజమాన్యం చేత టీచర్ల ఎదుటే చెప్పించండి. ఆ మాట వినని టీచరు అవసరమైన రోజున వెనకాడతారు.

ఒంటరిగా వదిలే తీరు

మొదటి టర్మ్‌లో కొత్త కోఆర్డినేటర్‌కు 6 నుంచి 8 మంది విద్యార్థుల్నే ఇవ్వాలి, రెండు మూడు పనిచోట్లకు మించకుండా. రెండు వారాలకోసారి పాత కోఆర్డినేటర్ ఒకరు ఆ ప్రణాళికలు, లాగ్‌బుక్‌లు తిరగేయాలి. వారానికో గంట విద్యార్థులందరినీ బడిలో కూర్చోబెట్టి, ఆ వారం చేసిన ఒక పనిని విడదీసి చెప్పించే అలవాటు ఈ టర్మ్‌లోనే పడాలి; పనిచోట్లో పట్టుకోలేని పొరపాట్లు ఆ గంటలో దొరుకుతాయి. టర్మ్ ముగిశాక ప్రతి పనిచోటికీ ఒక పేజీ రాసి ఫైల్‌లో పెట్టాలి: ఏ పనులు నేర్పుతారు, ఎవరు ఓపికగా చెబుతారు, ఏ నెలల్లో రద్దీ, మళ్లీ పంపవచ్చా. వచ్చే బ్యాచ్ టీచర్లను ఆ మూడు రోజులు ఎక్కడ నిలబెట్టాలో ఈ ఫైల్ చూసే నిర్ణయించండి.