గల్ఫ్‌కు కుటుంబ వీసా: పని మొదలయ్యేది వరంగల్‌లోనే

జగిత్యాల, సిరిసిల్ల, వరంగల్ పల్లెల నుంచి గల్ఫ్‌కు బయలుదేరేవారు ఏజెంటును ముందుగా అడిగేది జీతం గురించి. భార్యాపిల్లలనూ పిలిపించుకునే ఆలోచన ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి: పెళ్లి పత్రంలో, పాస్‌పోర్టుల్లో పేర్లు ఒకే తీరుగా ఉన్నాయా? యూఏఈని ఉదాహరణగా తీసుకుందాం.

ఉద్యోగి వీసాకు దరఖాస్తు చేసేది కంపెనీ. వర్క్ పర్మిట్, ప్రవేశ అనుమతి అదే పంపుతుంది. అక్కడ దిగాక వైద్య పరీక్ష, ఎమిరేట్స్ గుర్తింపు కార్డు, నివాస వీసా వరుసగా పూర్తవుతాయి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైనది) కోవలోకి వస్తుంది. అలాంటివారు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా వలస అనుమతి తప్పనిసరి. లైసెన్సు ఉన్న ఏజెంటు సేవా రుసుము కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ‘విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తా’ అనేవాడి దగ్గర కూర్చోకుండా లేచి రండి.

కుటుంబ వీసాకు స్పాన్సర్ ఆ ఉద్యోగే. నెలకు 4,000 దిర్హమ్‌ల జీతం, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. కార్మికుల క్యాంపులో ఉండేవారికి ఇది దాదాపు అందని మాట.

చిక్కంతా పెళ్లి పత్రం దగ్గరే. వేములవాడలోనో భద్రకాళి గుడిలోనో పెళ్లి చేసుకొని, గుడి రశీదునే పదిలంగా దాచుకున్నవారు ఎందరో. అది చాలదు, సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన ధ్రువపత్రం కావాలి. పెళ్లి పత్రిక, ఫొటోలు, వయసు రుజువులు, సాక్షులతో వెళ్లి తీసుకోండి. అక్కడ రాయించేటప్పుడే పాస్‌పోర్టు ముందు పెట్టుకోండి. మన ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట ఒక్క పొడి అక్షరంగా పడుతుంది. లక్ష్మి అనే పేరు ఆంగ్లంలో ఒకచోట ఎక్స్‌తో, మరోచోట కేఎస్‌హెచ్‌తో ఉంటుంది. మనకు ఇద్దరూ ఒకరే, యూఏఈలోని గుమాస్తాకు కాదు. భార్య ఇంటిపేరు మార్చుకోవాలన్న నిబంధనేమీ లేదు. పాస్‌పోర్టులో భర్త పేరు చేర్పించుకుంటే మేలు. ఆ రీఇష్యూ దరఖాస్తుకు వరంగల్ తపాలా కార్యాలయంలోని పాస్‌పోర్టు కేంద్రం ఉంది.

పిల్లల జనన పత్రంలో పేరు గడి ఖాళీగా ఉంటే ముందు పేరు నమోదు చేయించండి. ఏడాది లోపయితే రుసుము లేదు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుముతో వీలుంది.

ఈ పెళ్లి, జనన పత్రాలపై మొదట రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశాంగ శాఖ, ఆపై యూఏఈ దౌత్య కార్యాలయం ముద్రలు పడాలి. చివరి ముద్ర ఆ దేశంలో వేస్తారు. సౌదీకైతే 2022 డిసెంబరు నుంచి అపోస్టిల్ (మన విదేశాంగ శాఖ వేసే అంతర్జాతీయ ధ్రువీకరణ) సరిపోతోంది. ముద్రలు, స్టిక్కర్లు కాగితం వెనుక వేస్తారు కాబట్టి, పాడవుతుందని లామినేషన్ చేయించకండి. చేయించినవారు కొత్త ప్రతి కోసం మళ్లీ రిజిస్ట్రార్ కార్యాలయం మెట్లు ఎక్కాల్సిందే.

భార్యాపిల్లల ప్రవేశ అనుమతి చేతికి వచ్చాకే విమాన టికెట్లు కొనండి.