కొత్త కాయిల్స్ వేస్తే బండి పవర్ పెరుగుతుందా? ముందు మిస్సింగ్ ఎక్కడుందో పట్టండి

ఇంట్లోవాళ్లం నలుగురం, డిక్కీలో రెండు బ్యాగులు, హన్మకొండ నుంచి కాజీపేట స్టేషన్‌కు పోతున్నాం. ఫాతిమానగర్ బ్రిడ్జి సగం ఎక్కేసరికి మా పెట్రోల్ బండి గుంజడం మానేసింది. ఆక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు జర్కులు, డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగి ఆరుతోంది. ఆ తర్వాత తెలిసినవాళ్లు ఇద్దరు "అన్నా, పర్ఫార్మెన్స్ కాయిల్స్ వేయించు, జర్కులు పోతాయి, పవర్ కూడా పెరుగుతది" అంటే నాలుగూ కొని వేయించాను. కాయిల్ అంటే పెట్రోల్‌ను అంటించే ప్లగ్గుకు నిప్పురవ్వ కోసం కరెంటు పంపే భాగం, మా బండిలో సిలిండర్‌కు ఒకటి చొప్పున నాలుగు. పర్ఫార్మెన్స్ కాయిల్స్ అంటే రవ్వ ఇంకా బలంగా ఇస్తాయని అమ్మేవి. జర్కులు పోయాయి, బండి నిజంగానే ఎగిరినట్టు అనిపించింది. ఎందుకలా అనిపించిందో తెలిశాకే ఇది రాస్తున్నాను. ఇదంతా పెట్రోల్ బండ్ల సంగతి. డీజిల్ ఇంజిన్‌కు ఇగ్నిషన్ కాయిలే ఉండదు.

సమస్య: ఎత్తు ఎక్కేటప్పుడు, లోడు మీద జర్కులు, ఇంజిన్ లైటు కొట్టుకోవడం

లైటు కొట్టుకుంటోందంటే మిస్ ఫైర్ (మిస్సింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా అంటుకోకపోవడం) గట్టిగా ఉందని అర్థం. ఆ స్థితిలో బండిని తోలుకుంటూ పోవద్దు. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, అది పాడైతే కాయిల్ ఖర్చు దాని ముందు లెక్కలోకి కూడా రాదు.

ఖాళీ రోడ్డు మీద బాగానే ఉండి బ్రిడ్జి మీదే ఎందుకు ఆగుతుంది? లోడు పెరిగితే సిలిండర్ లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగిన చోట నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ ఓల్టేజీ కావాలి. కాయిల్ పని అదే, బ్యాటరీ ఇచ్చే 12 ఓల్టులను 20 వేలు, 30 వేలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఓల్టులకు పెంచడం. లోపలి చుట్ల ఇన్సులేషన్ వేడికి దెబ్బతిన్న కాయిల్ ఐడ్లింగ్‌లో నెట్టుకొస్తుంది, లోడు పడగానే చేతులెత్తేస్తుంది.

ఏ కాయిల్ పోయిందో పట్టడానికి కొత్తది కొనాల్సిన పని లేదు. బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ చూడండి. పి0300 అని వస్తే ఫలానా సిలిండర్ అని తేలలేదన్నట్టు, పి0302 అంటే రెండో సిలిండర్. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రెండో కాయిల్ తీసి మూడో దాంట్లో, మూడోది రెండో దాంట్లో పెట్టండి. చాలా బండ్లలో ఒక్క 10 నంబర్ బోల్టు, ఒక కనెక్టర్, అంతే. కనెక్టర్ లాక్ ప్లాస్టిక్ వేడికి పెళుసెక్కి ఉంటుంది, బొటనవేలితో మెల్లగా నొక్కి తీయండి, లాగితే విరుగుతుంది. కోడ్ చెరిపేసి అదే ఎత్తు మీద మళ్లీ తోలి చూడండి. కోడ్ పి0303కి మారితే కాయిల్ దొంగ దొరికినట్టే. పి0302 దగ్గరే ఉండిపోతే ప్లగ్గులు కూడా ఇట్లాగే మార్చి చూడాలి, అప్పటికీ కదలకపోతే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్, సిలిండర్ కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) వైపు వెళ్లాలి. రెండేసి సిలిండర్లకు ఒకే కాయిల్ ఉండే పాత బండ్లలో ఈ పద్ధతి కుదరదు, అక్కడ హెచ్‌టీ వైర్లు (కాయిల్ నుంచి ప్లగ్గుకు పోయే వైర్లు) ముందు చూడండి.

కాయిల్ బయటకు తీసి గాల్లో వేలాడదీసి సెల్ఫ్ కొట్టి రవ్వ వస్తోందా అని చూసే అలవాటు కొన్ని షెడ్లలో ఇంకా ఉంది. రవ్వకు దారి దొరక్కపోతే ఆ ఓల్టేజీ కాయిల్ లోపలే దారి చేసుకుంటుంది, బాగున్నది కూడా పోతుంది. మీ బండి మీద మాత్రం చేయనివ్వకండి.

సమస్య: వాన పడ్డాక, వాటర్ వాష్ తర్వాత పొద్దున్నే మిస్సింగ్

2023 జూలై వానల్లో హన్మకొండ రోడ్ల మీద నీళ్లలో తోలినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. కారణం, ప్లగ్గు కూర్చునే గుంతలోకి నీళ్లు దిగాయి, లేదా కాయిల్ కింద ప్లగ్గును కప్పే రబ్బరు బూటు పగిలింది. కాయిల్ తీసి గుంతను గాలితో ఆరబెట్టండి. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పెన్సిల్ గీతలా సన్నటి నల్లటి గీత కనిపిస్తే కరెంటు అక్కడి నుంచి పారిపోతోందన్నమాట, ఆ ప్లగ్గూ బూటూ రెండూ మార్చాలి. కొత్త బూటు లోపలి అంచుకు కరెంటు పారనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు కొద్దిగా రాస్తే చాలు.

సమస్య: కాయిల్ మార్చిన కొన్ని నెలలకే మళ్లీ పోవడం

కాయిల్‌ను తిట్టకముందు ప్లగ్గు చూడండి. మొన అరిగి రవ్వ దూకే గ్యాప్ పెరిగితే ప్రతి రవ్వకూ కాయిల్ ఎక్కువ కష్టపడాలి. మా బండిలో జరిగింది ఇదే. 1.1 మిల్లీమీటర్లు ఉండాల్సిన గ్యాప్, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే 1.5 దాటింది. మామూలు నికెల్ ప్లగ్గులు 30, 40 వేల కిలోమీటర్లకు మార్చాలి, నేను 80 వేల దాకా తోలాను. ఇంకో కారణం, ట్యాపిట్ కవర్ (ఇంజిన్ పై మూత) గ్యాస్కెట్ కారి గుంతలో ఆయిల్ నిలవడం. బూటు రబ్బరు ఆయిల్‌లో నాని ఉబ్బుతుంది. గ్యాస్కెట్ మార్చకుండా ఎన్ని కాయిల్స్ వేసినా దండగ.

సమస్య: ఖరీదైన కాయిల్స్ వేశాను, పవర్ పెరగలేదు

నాలుగు సిలిండర్లలో ఒకటి పనిచేయకపోతే పావు వంతు బలం పోయినట్టు. కాయిల్ మార్చగానే ఆ పావు తిరిగి వస్తుంది, మనకేమో కొత్త పవర్ వచ్చినట్టు తోస్తుంది. ఇది తేల్చుకోవడానికి నేను పర్ఫార్మెన్స్ కాయిల్స్ నాలుగూ తీసి, బాగున్న పాతవి మూడు, కంపెనీ రకంది కొత్తది ఒకటి వేశాను, అప్పటికే వేసిన కొత్త ప్లగ్గులు అట్లాగే ఉంచాను. తెల్లవారుజామున ములుగు రోడ్డులో ఆరెపల్లి దాటాక ఖాళీ చోట మూడో గేరులో 40 నుంచి 80 దాకా సెల్‌ఫోన్‌లో టైమ్ చూశాం, పక్క సీట్లో మా తమ్ముడు. పర్ఫార్మెన్స్ కాయిల్స్‌తోనూ వీటితోనూ దాదాపు 9 సెకన్లే.

గ్యాస్ పొయ్యిని అగ్గిపుల్లతో వెలిగించినా లైటర్‌తో వెలిగించినా మంట ఒకటే కదా, మంట సైజు నాబ్ చేతిలో ఉంటుంది. ఇంజిన్‌లోనూ బలం పెట్రోల్‌దీ గాలిదీ. రవ్వ అంటించేంత ఉంటే చాలు, దాన్ని రెట్టింపు చేసినా మంట పెరగదు. 6000 ఆర్‌పీఎం దగ్గర కూడా ఒక్కో సిలిండర్‌కు సెకనుకు 50 రవ్వలే కావాలి, అంటే రెండు రవ్వల మధ్య 20 మిల్లీసెకన్లు, బాగున్న కంపెనీ కాయిల్ నిండటానికి అది సరిపోతుంది.

బలమైన కాయిల్ నిజంగా అవసరమయ్యేది టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నింపేది) బూస్ట్ పెంచి ట్యూనింగ్ చేయించినవాళ్లకు, కొంతవరకు సీఎన్జీ, ఎల్పీజీ బండ్లకు. గాలి ఒత్తిడి పెరిగినప్పుడు రవ్వ ఆరిపోకుండా అది కాపాడుతుంది. అక్కడ కూడా ముందు ప్లగ్గు గ్యాప్ కొంచెం తగ్గించి చూడండి, చాలాసార్లు అంతటితోనే పని అయిపోతుంది. ఇంకో మాట, కాయిల్ రెసిస్టెన్స్ కంపెనీ చెప్పినదానికంటే బాగా తక్కువ ఉంటే కరెంటు ఎక్కువ లాగి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) లోపలి డ్రైవర్ సర్క్యూట్ కాలిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి రేటు, రంగు చూసి కొనకండి, మీ ఇంజిన్ పార్ట్ నంబర్‌కు సరిపోతుందో లేదో అడగండి.

ఇప్పుడు మా బండిలో పాత కాయిల్స్ మూడు, కంపెనీది కొత్తది ఒకటి, కొత్త ప్లగ్గులు నాలుగు ఉన్నాయి. మొన్న మళ్లీ నలుగురం, అవే బ్యాగులతో ఫాతిమానగర్ బ్రిడ్జి మూడో గేరులోనే ఎక్కేసింది.