లివర్ మార్పిడికి ముందు గుండె పరీక్షలు: హన్మకొండ ఎకో గదిలో నేను చెప్పే మాటలు

పదేళ్ల కిందట భూపాలపల్లి నుంచి లివర్ మార్పిడి కావాల్సిన ఒక సింగరేణి కార్మికుడు నా దగ్గరకు వచ్చాడు. చేతిలో చిన్న చీటీ, దాని మీద "కార్డియాక్ ఫిట్‌నెస్ కావాలి" అని రాసి ఉంది. కడుపు కుండలా ఉబ్బి ఉంది, పడుకోబెడితే ఆయాసపడుతున్నాడు. అలాగే ఎకో (గుండె స్కానింగ్) చేశాను. ఈఎఫ్ 70 వచ్చింది. "నార్మల్, ఫిట్" అని రాసి సంతకం పెట్టాను. హైదరాబాద్‌లో మళ్లీ చేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి బాగా ఎక్కువగా ఉందని తేలింది. వారం తర్వాత ఆయన భార్య వచ్చి అడిగింది: "మేడం, గుండె మంచిగున్నదని మీరే రాసిచ్చిన్రు గద, మళ్ల గుండెల పైపు ఏస్తమంటున్రు ఎందుకు?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ 70 సంగతి. గుండె ఒక్కో కొట్టుకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తుందో ఈఎఫ్ చెబుతుంది. లివర్ గట్టిపడిన (సిర్రోసిస్) మనిషిలో రక్తనాళాలు, ముఖ్యంగా పేగుల వైపువి, వెడల్పై వదులుగా ఉంటాయి. ఎదురొత్తిడి ఉండదు కాబట్టి గుండె సులువుగా ఎక్కువ రక్తం తోసేస్తుంది. బావి మోటారుకు పైపు విప్పేసి నేల మీదే వదిలితే నీళ్లు ఎంత జోరుగా పోస్తాయి! అదే మోటారును మూడో అంతస్తు ట్యాంకుకు ఎక్కించమంటే దాని అసలు సంగతి తెలుస్తుంది. ఆపరేషన్‌లో గుండెకు పడేది ఆ ట్యాంకు పనే. కొత్త లివర్‌లోకి రక్తం వదిలిన క్షణంలో చల్లటి, ఆమ్లం, పొటాషియం ఎక్కువున్న రక్తం ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. బీపీ నిమిషాల్లో పడిపోవచ్చు. తర్వాతి రోజుల్లో నాళాలు మళ్లీ బిగుసుకుంటాయి, గుండె మీద బరువు పెరుగుతుంది. కాబట్టి డాక్టర్‌ను "గుండె బాగుందా?" అని కాదు, "ఈ బరువు మోయగలదా?" అని అడగండి.

ఎకోకు వచ్చే ముందు కడుపులో నీరు ఎక్కువుంటే గ్యాస్ట్రో (కడుపు, లివర్) డాక్టర్‌తో మాట్లాడి తీయించుకొని రండి. ఉబ్బిన కడుపు గుండెను పైకి నెడుతుంది, బొమ్మ సరిగ్గా కనబడదు. నేను చేసిన తప్పు అదే. ఐదు లీటర్లకు మించి తీస్తే అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎక్కించాలి, లీటరుకు సుమారు 8 గ్రాముల లెక్కన. ఎకోకు పరగడుపున రానక్కర్లేదు. వేసుకుంటున్న మాత్రలన్నీ, ఖాళీ షీట్లతో సహా, ఒక కవర్లో తెండి. సంక్రాంతి వెళ్లిన వారం మాత్రం నా దగ్గరకు రావద్దని సగం నవ్వుతూ, సగం నిజంగా చెబుతాను. సకినాల ఉప్పుతో ఒళ్లంతా నీరు పట్టి వస్తారు, కొలతలన్నీ తప్పుతాయి.

ఈసీజీని చిన్న పరీక్ష అనుకోకండి. అందులో క్యూటీ అనే కొలత, అంటే ఒక్కో కొట్టుకు గుండెలో కరెంటు ఎక్కి దిగే సమయం, ఈ రోగుల్లో తరచూ సాగి ఉంటుంది. మరీ సాగితే గుండె లయ తప్పవచ్చు. నీరు పోయే మాత్రలతో పొటాషియం, మెగ్నీషియం తగ్గితే ఇంకా సాగుతుంది. వాంతులకు ఇచ్చే ఆండాన్‌సెట్రాన్, దగ్గుకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్ కూడా దాన్ని పెంచుతాయి. సొంతంగా కొనకండి.

ఎకో రిపోర్టులో ఈఎఫ్ ఒక్కటే ఉంటే అది సగం రిపోర్టు. గుండె కండరం ఎంత కుదించుకుంటుందో చెప్పే స్ట్రెయిన్ ఉండాలి. ఈఎఫ్ బాగుండి కూడా ఇది 18 శాతం కంటే తక్కువుంటే లోపం దాగి ఉన్నట్టు. గుండె వదులై రక్తం నింపుకునే తీరు ఉండాలి, ఎడమ కర్ణిక పరిమాణం ఉండాలి. గుండె కుడి వైపు ట్రైకస్పిడ్ కవాటం దగ్గర వెనక్కి కారే రక్తం వేగం ఉండాలి; సెకనుకు 2.8 మీటర్లు దాటితే ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి ఉందేమోనని చూసే డాక్టర్ ఆగి ఆలోచించాలి. కవాటాల గురించి కూడా రాయాలి. చిన్నప్పటి కీళ్లవాత జ్వరంతో గుండె ఎడమ వైపు మైట్రల్ కవాటం ఇరుకైపోయి, ఆ సంగతే తెలియకుండా అరవై ఏళ్లు గడిపినవాళ్లు మా వైపు ఇంకా కనబడుతున్నారు. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో సారా లివర్‌ను పాడుచేయడంతో పాటు గుండెనూ సాగదీసి ఉండవచ్చు. తాగుడు సంగతి దాచకండి. తిట్టడానికి కాదు అడిగేది.

తర్వాత బుడగల పరీక్ష. పేరు విని భయపడతారు గానీ నొప్పేమీ ఉండదు. సెలైన్‌ను సిరంజిలో గిలక్కొట్టి చేతి నరంలోకి ఎక్కిస్తాం. ఆ చిన్న బుడగలు కుడి గుండెలో కనబడి ఊపిరితిత్తుల్లో ఆగిపోవాలి. గుండె మూడు కొట్లు దాటాక ఎడమ వైపు కనబడితే ఊపిరితిత్తుల్లో నాళాలు వెడల్పయ్యాయని అర్థం. మూడు కొట్ల లోపే వస్తే గుండె గోడలో రంధ్రం ఉందేమో చూడాలి. ఇంట్లో మీరూ ఒకటి చేయవచ్చు: వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరుతో పడుకున్నప్పుడొకసారి, లేచి నిలబడ్డాకొకసారి చూసి రాసుకోండి. గుండె జబ్బులో పడుకుంటే ఆయాసం పెరుగుతుంది, ఊపిరితిత్తుల నాళాలు వెడల్పైన ఈ జబ్బులో నిలబడితే పెరుగుతుంది, మీటరులో ఆక్సిజన్ తగ్గుతుంది. ఈ జబ్బుకు చికిత్స లివర్ మార్పిడే, కాబట్టి ఇది బయటపడితే దారి మూసుకుపోయినట్టు కాదు.

భూపాలపల్లి ఆయనది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన నాళాలు ఇరుకయ్యాయి. ఎకోలో కుడి గుండె ఒత్తిడి 45–50 (బీపీలాగే మి.మీ.ల లెక్క) దాటితే అంచనాతో సరిపెట్టుకోకూడదు. మెడ నరం గుండా సన్నని గొట్టం పంపి నేరుగా కొలవాలి. ఆయన భార్య అడిగిన పైపు అదే. ఎందుకంటే ఒత్తిడి మూడు రకాలుగా పెరగొచ్చు: రక్తం ప్రవాహమే ఎక్కువైతే, ఒంట్లో నీరు ఎక్కువైతే, నాళాలే ఇరుకైతే. మొదటి రెండింటితో నెట్టుకురావచ్చు. మూడోది అసలు ప్రమాదం, దాన్ని విడదీసి చూపేది ఈ పరీక్షే. నాళాలు ఇరుకై, ఇలా కొలిచిన సగటు ఒత్తిడి 35 దాటితే ముందు మందులతో దించుతారు. 50 దాటి ఉండగా ఆపరేషన్‌కు తీసుకెళ్లరు, కొత్త లివర్‌కు రక్తం వదిలిన క్షణంలోనే కుడి గుండె చేతులెత్తేయవచ్చు. ఆయనది 42. సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందే) మాత్రలు మొదలుపెట్టారు. ఆ పేరు వినగానే మందుల షాపు కుర్రాడు నవ్వాడట, ఆవిడ వచ్చి నాకు చెప్పి బాధపడింది. ఊపిరితిత్తుల నాళాలకూ అదే మందు అని ఆ కుర్రాడికి నేనే ఫోన్ చేసి చెప్పాను.

ఇక గుండె రక్తనాళాల్లో పూడికలు. "ఛాతీ నొప్పి లేదు మేడం" అంటారు. మంచం దిగని మనిషికి నొప్పి ఎక్కడ వస్తుంది? కాజీపేట స్టేషన్ వంతెన మెట్లు ఆగకుండా చివరగా ఎప్పుడెక్కారని అడుగుతాను. రెండేళ్లయిందంటే ఆ "నొప్పి లేదు"కు విలువ లేదు. షుగర్, సిగరెట్లు, కొవ్వు లివర్ వల్ల వచ్చిన సిర్రోసిస్ ఉన్నవాళ్ల విషయంలో అసలు నమ్మను. మందు ఎక్కించి గుండె వేగం పెంచే స్ట్రెస్ ఎకో ఉంది. 55 ఏళ్ల మనిషికి వేగం నిమిషానికి 140 దాకా చేరాలి. వాంతిలో రక్తం రాకుండా ప్రొప్రనలాల్, కార్విడిలాల్ వేసుకునేవాళ్లలో అది 110 దగ్గరే ఆగిపోతుంది. అలా ఆగిన పరీక్షకు "నెగిటివ్" అని రాస్తే నమ్మకండి. అలాగని ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు, రక్తపు వాంతి కావచ్చు. ఆపాలా వద్దా అన్నది గ్యాస్ట్రో డాక్టరే చెప్పాలి. అనుమానం మిగిలితే సీటీ యాంజియో, లేదా మణికట్టు నుంచి యాంజియోగ్రాం. ప్లేట్‌లెట్లు 60 వేలే ఉన్నాయని కుదరదనేమీ లేదు, అనుభవమున్న చేతిలో అవుతుంది. కిడ్నీ మీద మాత్రం ఈ పరీక్షల్లో ఎక్కించే రంగు మందు ప్రభావం గురించి ముందే అడగండి. స్టెంటు వేస్తే రక్తం పలచబడే మాత్రలు కొన్ని నెలలు తప్పవు, మార్పిడి ఆగుతుంది. అందుకే ఈ పరీక్షను ఆఖరుకు వాయిదా వేయకూడదు.

కుటుంబంలో ఎవరైనా లివర్ ముక్క ఇస్తుంటే వాళ్లకూ ఈసీజీ, ఎకో ఉంటాయి. కొడుకు ఆరోగ్యంగా కనబడుతున్నాడని వదిలేయరు.

ఈ రిపోర్టులు కొన్నాళ్లకే పాతబడతాయి. ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఎకో మళ్లీ కావాలి, ఒత్తిడి ఎక్కువున్నవాళ్లకు ఇంకా ముందే. జీవన్‌దాన్‌లో (ప్రభుత్వ అవయవదాన పథకం) పేరు నమోదైనవాళ్లకు ఫోన్ ఏ అర్ధరాత్రయినా రావచ్చు, ఇక్కడి నుంచి హైదరాబాద్ సుమారు 150 కిలోమీటర్లు. అప్పుడు బీరువాలో వెతుక్కోకుండా ఫైలు ఒక్కటే సంచిలో పెట్టి ఉంచండి. కాగితంతో పాటు ఎకో వీడియోలు పెన్ డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. అక్కడి డాక్టర్లకు నా సంతకం కంటే ఆ కదిలే బొమ్మే పనికొస్తుంది. ఫైలు అట్ట మీద తర్వాతి ఎకో తేదీ పెద్ద అక్షరాలతో రాసుకోండి. భూపాలపల్లి ఆవిడ ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసేది. ఐదు నెలలకు ఒత్తిడి 31కి దిగినప్పుడు ఆ తేదీని కొట్టేసి, దాని కిందే ఆపరేషన్ తేదీ రాసింది.