పాత టేబుల్ ల్యాంపుకు కొత్త రంగు వేయడం ఎలా?

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, గురువారాల్లో సాగే జుమ్మెరాత్ బజారులోనో ఓ గంట తిరిగితే, షేడు చిరిగి, కడ్డీ తుప్పు పట్టి, పాత సామాను మధ్య పడి ఉన్న టేబుల్ ల్యాంపు ఒక్కటైనా కంటపడకపోదు. మొదటిసారి అలాంటి ల్యాంపును బేరమాడి తెచ్చుకున్నప్పుడు, తుడిచీ తుడవకుండా దాని మీద నేరుగా స్ప్రే కొట్టేశాను. నెల తిరగకముందే రంగంతా ఉల్లిపొరలా లేచి వచ్చింది. అందుకే ఇక్కడ రంగు వేయడం కన్నా, డబ్బా మూత తీయకముందు చేయవలసిన పనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

కొనేటప్పుడు

సంతకు వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకోవాలి. అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే, పైన ఎంత పసుపుపచ్చగా మెరుస్తున్నా అది పూతే. అంటుకోకపోతే అది ఇత్తడో, అల్యూమినియమో, జింకు కలిసిన పోతలోహమో అయి ఉంటుంది. దిమ్మను తిరగేసి కనబడని చోట గీకి చూస్తే ఇత్తడి సంగతి తేలిపోతుంది, గీకిన చోట లోపల కూడా పసుపుపచ్చగానే ఉంటే ఇత్తడే. నిజంగా ఇత్తడే అయితే దానికి రంగు వేయవద్దని నా సలహా. పైన పాత వార్నిషు ఉంటే థిన్నరుతో తీసేసి, కరెంటు భాగాలన్నీ విప్పిన తరువాత చింతపండు, ఉప్పు పెట్టి తోమితే వచ్చే మెరుపు ముందు ఏ రంగూ నిలవదు. ఇనుము, చెక్క, పింగాణీ ల్యాంపులకైతే నిశ్చింతగా రంగు వేసుకోవచ్చు. దిమ్మ ఊగకుండా నిలబడుతోందో లేదో కూడా కొనేముందే చూసుకోవాలి, ఎందుకంటే ఆ లోపాన్ని రంగు కప్పిపుచ్చలేదు.

విప్పడం

ప్లగ్గు గోడలో లేదని చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. షేడు, బల్బు, హోల్డరు, గొట్టం, దిమ్మ కింది నట్టు అనే వరుసలో విప్పుతూ, ప్రతి దశలోనూ ఫోనుతో ఒక ఫోటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు ఏ వాషరు ఎక్కడిదన్న తికమక ఉండదు. పాత వైరును దాచుకోకుండా పారేయడమే మంచిది. ఏళ్లు గడిచేసరికి దాని తొడుగు గట్టిపడి, వంచితే పగుళ్లిస్తుంది. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టుల కరెంటు. సంతలో దొరికే లోహపు ల్యాంపుల్లో చాలావాటికి రెండు తీగల వైరే ఉంటుంది గనుక, దాని స్థానంలో ఎర్తు కూడా ఉన్న మూడు తీగల వైరును కొని పెట్టుకోవాలి.

శుభ్రం చేయడం, రుద్దడం

సర్ఫు నీళ్లతో కడిగి ఆరబెట్టి, ఆపైన థిన్నరులో తడిపిన గుడ్డతో ఒకసారి తుడవాలి. జిడ్డు పూర్తిగా పోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. కాసిని నీళ్లు చిలకరించినప్పుడు అవి పూసల్లా విడివిడిగా నిలిస్తే జిడ్డు ఇంకా ఉన్నట్టు. పలచటి పొరలా పరుచుకుంటే రంగు కూడా అలాగే పట్టుకుంటుంది.

తరువాత ఎమరీ పేపరు పని. తుప్పు మీద 120 నంబరుతో మొదలుపెట్టి, 220తో నునుపు చేసి, 400తో ముగించాలి. పాత రంగునంతా గీకి పారేయనక్కరలేదు. లేచిన పెచ్చులు ఊడి, మెరుపు చచ్చి, చేతికి కాస్త గరుకు తగిలితే చాలు. అయితే ఒక హెచ్చరిక ఉంది. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లకు 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన మన దేశంలో అమలులోకి వచ్చింది 2017 నవంబరులోనే కాబట్టి, అంతకు ముందటి ల్యాంపు మీది రంగులో సీసం ఉండే అవకాశం లేకపోలేదు. అలాంటిదాన్ని పొడిగా రుద్దకుండా, నీళ్లు తడుపుతూ వాటర్ పేపరుతో, మాస్కు పెట్టుకుని, పిల్లలు తిరగని చోట రుద్ది, ఆ మడ్డిని కాగితంతో ఎత్తి పారేయాలి. సొట్టలుంటే ఎం-సీల్ రెండు ముద్దలనూ సమంగా పిసికి నింపి, గట్టిపడ్డాక చదును చేసుకోవాలి.

ప్రైమరు

తుప్పు వదిలిన ఇనుమును రాత్రంతా అలా వదిలేస్తే మళ్లీ ఎర్రబారుతుంది గనుక, ప్రైమరు, అంటే రంగు కింద వేసే తొలి పూత, అదే రోజు పడాలి. ఇనుముకు రెడ్ ఆక్సైడు, చెక్కకు వుడ్ ప్రైమరు, అల్యూమినియానికి ఎచ్ ప్రైమరు అడిగి తీసుకోవాలి. పింగాణీ అయితే నిగనిగలు పోయేదాకా రుద్ది, నున్నటి వాటికీ పట్టే ప్రైమరు వేయాలి. పైన వేయబోయేది తెలుపో, లేత రంగో అయితే రెడ్ ఆక్సైడు ఎరుపు కింద నుంచి తొంగిచూస్తూ ఉంటుంది. అక్కడ బూడిదరంగు ప్రైమరే మేలు. ఇంకో సంగతి, బ్రష్షుతో వేసే ఎనామిల్ కింద ఎనామిల్ ప్రైమరు, స్ప్రే కింద స్ప్రే ప్రైమరు వాడటం క్షేమం. పూర్తిగా గట్టిపడని ఎనామిల్ మీద స్ప్రే కొడితే, అందులోని థిన్నరు కింది పొరను మెత్తబరచి ముడతలు తెప్పిస్తుంది.

రంగు

పాత హ్యాంగరు తీగను తిన్నగా చేసి, ల్యాంపు గొట్టంలో దూర్చి, కింది కొస వంచి దండేనికి వేలాడదీస్తే, చేయి తగలకుండా నాలుగు పక్కలా తిప్పుకుంటూ కొట్టవచ్చు. మరలున్న చోట్ల మాస్కింగ్ టేపు చుట్టాలి. డబ్బాలోని గోలీ చప్పుడు మొదలయ్యాక కూడా ఒక నిమిషం పాటు ఊపి, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, వస్తువు అంచుకు ఇవతల మొదలుపెట్టి అవతలి అంచు దాటాకే వేలు తీయాలి. మొదటి పొరకు కింది ప్రైమరు మచ్చలు మచ్చలుగా కనబడుతుంటే కంగారుపడవద్దు, అది అలాగే ఉండాలి. డబ్బా మీద రాసిన వ్యవధి పాటించి, పలచటి పొరలు మూడో నాలుగో వేస్తే నిండుదనం దానంతటదే వస్తుంది. ఒకేసారి దట్టంగా కొడితే ధారలు కారతాయి. కారిన రంగును తడి మీద తుడవబోతే మరింత పాడవుతుంది. ఆరనిచ్చి, 400 పేపరుతో తడిపి రుద్ది, పైన మరో పొర వేయాలి.

బ్రష్షుతో వేసేవారు అంగుళం బ్రష్షును మూడో వంతే ముంచి, ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్య ఒక రాత్రి గడవనివ్వాలి.

వేళ కూడా చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నపు ఎండలో రంగు సర్దుకునేలోపే ఆరిపోయి గరుకు తేలుతుంది. ముసురు పట్టిన రోజున కొట్టిన స్ప్రే మీద తెల్లటి పొగలాంటి మచ్చలు వస్తాయి, గాలిలోని తేమే అందుకు కారణం. పొడి రోజు చూసి మరో పలచటి పొర వేస్తే చాలావరకు పోతాయి. గాలి ధారాళంగా ఆడే నీడపట్టున, ఉదయం తొమ్మిది పది గంటల వేళ ఈ పనికి అనువుగా ఉంటుంది. దీపాలు పెట్టే వేళకు మాత్రం చేయకండి. దోమలు, పురుగులు వచ్చి తడి రంగులో అంటుకుని అక్కడే ఉండిపోతాయి.

షేడు, తిరిగి బిగించడం

గుడ్డ షేడుకు అక్రిలిక్ రంగును నీళ్లతో పలుచన చేసి పైవైపు మాత్రమే వేయాలి. లోపలి తెలుపు పోతే వెలుగు సగం అక్కడే ఆగిపోతుంది. బల్బు 9 వాట్ల ఎల్‌ఈడీ అయితే దాదాపు పాత 60 వాట్ల బల్బంత వెలుతురిస్తుంది, షేడు కూడా మాడదు.

వైరింగులో చాలామంది మరిచిపోయేది ఎర్తు మర. రంగు గుండా కరెంటు పోదు గనుక, ఎర్తు తీగ బిగించే చోట మీరు ఎంతో ఓపికగా వేసిన రంగును గోరంత మేర లోహం కనిపించేదాకా గీకేసి, ఆకుపచ్చ ఎర్తు తీగను అక్కడ వాషరుతో బిగించాలి. వైరు దిమ్మలోకి దూరే రంధ్రానికి రబ్బరు బుష్షు వేసి, గుంజినా లాగుడు కనెక్షన్ల మీద పడకుండా లోపల ముడి వేయాలి. ఆపైన, ప్లగ్గు గోడలో పెట్టకముందే, మల్టీమీటరు (తీగల కలయికను పరీక్షించే మీటరు) ముల్లు ఒకటి ప్లగ్గులో ఎర్తుదైన లావు పిన్నుకు, రెండోది ల్యాంపు లోహానికి తాకిస్తే బీప్ రావాలి. ఇది చేతకానివారు ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోవడమే మంచిది.

ఎనామిల్ చేతికి అంటకపోయినా లోపల గట్టిపడటానికి వారం పడుతుంది. ఆలోగా బల్ల మీద పెట్టాలనుకుంటే దిమ్మ కింద ఫెల్టు ముక్క అతికించండి, లేకపోతే ల్యాంపు ఎత్తినప్పుడు దిమ్మ అంచు రంగు వలయంలా బల్ల మీదే ఉండిపోతుంది.