పాత సరుకు విమానాల పైలట్ల జ్ఞాపకాలు రాసుకోవడం – 4వ పాఠం: ముందు ఇంజను స్టార్ట్ చేయించండి

మూడో పాఠంలో చెప్పిన పని పూర్తి చేసి ఉంటే, మీ పైలట్ గారి లాగ్‌బుక్ నుంచి ఎత్తి రాసుకున్న పేజీ ఒకటి ఈపాటికి మీ దగ్గర ఉండాలి. తేదీ, విమానం రకం, బయలుదేరిన చోటు, దిగిన చోటు, గాలిలో గడిపిన సమయం. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈసారి ఆయన ఎదురుగా కూర్చుని మొదటి ప్రశ్న అడగబోతున్నాం.

"మీకు బాగా గుర్తుండిపోయిన ప్రయాణం ఏది?" అని మాత్రం మొదలుపెట్టకండి. విశాఖపట్నంలో మా వీధి చివరి ఇంట్లో వైమానిక దళంలో డకోటా అనే పాత సరుకు విమానం నడిపిన పెద్దాయన ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. మొదటిసారి నేను అడిగింది ఆ ప్రశ్నే. ఆయన పది నిమిషాల్లో ఒక కథ చెప్పి ఆగిపోయారు. మంచి కథే, కానీ పండగలకూ పెళ్లిళ్లకూ చెప్పి చెప్పి నునుపు తేలిన కథ. గది గుమ్మంలో నిలబడ్డ మనవరాలు తర్వాతి మాట ఆయనకన్నా ముందే అందిస్తోంది.

మరుసటి వారం ఇలా అడిగాను: "మాస్టారూ, తెల్లవారుజామున విమానం దగ్గరికి వచ్చారు. ఇంజను స్టార్ట్ చేయాలి. మొదట చెయ్యి ఎక్కడ వేస్తారు?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పైకెత్తి, కనిపించని రెక్కనొకదాన్ని పట్టుకుని కిందికి లాగారు. "కాక్‌పిట్ తర్వాత బాబూ, ముందు ప్రొపెల్లర్ తిప్పాలి" అన్నారు. ఆ రోజు రెండు గంటలు మాట్లాడారు. మనవరాలు కూడా ఎన్నడూ వినని సంగతులు అవి.

కథలు నోట్లో ఉంటాయి, పని చేతుల్లో ఉంటుంది. చేతులు కదిలితే వాటి వెంట వాసన, చప్పుడు, పక్కన నిలబడ్డ మనిషి, ఆనాటి చలి అన్నీ వస్తాయి. అయితే ఆయన చేతులు ఏం చేస్తున్నాయో మీకు అర్థం కావాలి. లేకపోతే రెండో ప్రశ్న పుట్టదు. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం ఇంజను గురించే.

డకోటాకు రెండు ఇంజన్లు. ఒక్కోదానిలో 14 సిలిండర్లు, ఏడేసి చొప్పున రెండు వరుసల్లో గుండ్రంగా అమర్చి ఉంటాయి. ఒక్కో ఇంజను శక్తి 1,200 హార్స్‌పవర్. ఇలా గుండ్రంగా అమర్చడం వల్ల కొన్ని సిలిండర్లు తలకిందులుగా ఉంటాయి. విమానం రాత్రంతా నిలబడి ఉంటే ఇంజనులోని నూనె మెల్లగా ఆ కింది సిలిండర్లలోకి జారి చేరుతుంది. గాలిని నొక్కితే నలుగుతుంది గాని నూనె నలగదు. ఆ స్థితిలో స్టార్టర్ నొక్కితే పిస్టన్ నూనెను గుద్దుకుని, దాన్ని మోసే కడ్డీ వంగిపోవచ్చు. అందుకే ముందుగా మనుషులు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి చూస్తారు. ఎన్ని ప్రొపెల్లర్ రెక్కలు దాటేదాకా తిప్పాలన్నది ఒక్కో చోట ఒక్కో లెక్క. మీ పైలట్ గారి లెక్క ఎంతో అడిగి రాసుకోండి.

ఇప్పుడు రెండో ప్రశ్న: "తిప్పుతుండగా రెక్క బిగుసుకుంటే ఏం చేసేవారు?" వెనక్కి తిప్పి వదిలించుకోవాలనిపిస్తుంది, కానీ అది ప్రమాదం. అలా చేస్తే నూనె గాలి గొట్టంలోకి పోయి, ఇంజను అంటుకోగానే మళ్లీ సిలిండర్లోకి వస్తుంది. సరైన పద్ధతి కింది సిలిండర్ల స్పార్క్ ప్లగ్గులు విప్పి నూనె కార్చేయడం. తొందరలో ఉన్న ఉదయం ఆ పని ఎవరు చేశారు, ఎవరు తిట్లు తిన్నారు, సరుకు కోసం అవతల ఎవరు ఎదురుచూశారు? మీకు కావలసిన జ్ఞాపకాలు అక్కడ మొదలవుతాయి.

తర్వాత కాక్‌పిట్. చాలా డకోటాల్లో స్టార్టర్ మొదట ఒక బరువైన చక్రాన్ని తిప్పుతుంది. దాని కూత సన్నగా మొదలై పెరుగుతుంది. అది తగినంత వేగం అందుకున్నాక ఇంజనుకు జత చేస్తారు. ప్రొపెల్లర్ కదులుతుంది, పైలట్ రెక్కలు లెక్కపెట్టి, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో స్విచ్ వేస్తాడు. ఒక సిలిండర్ దగ్గుతుంది, ఇంకొకటి అందుకుంటుంది, నీలిపొగ వస్తుంది. అప్పుడు ఇంధనం పాళ్లు సరిచేసే మిక్స్చర్ మీట ముందుకు, వెంటనే కళ్లు ఆయిల్ ప్రెషర్ ముల్లు మీదికి. ఆ కూతను నోటితో వినిపించమని అడగండి. సిగ్గుపడతారు, కాని వినిపిస్తారు. ఫోనులో రికార్డు చేయండి, అది కాగితం మీదికి ఎక్కేది కాదు.

ఆయన ఆగితే మీరు మాట అందించకండి. సంవత్సరం తప్పు చెప్పినా మధ్యలో సరిదిద్దకండి, లాగ్‌బుక్ పేజీ ఉంది కదా. పుస్తకాల్లో దొరికే సంగతుల కోసం ఆయన ఓపికను ఖర్చు చేయకండి. 1947 అక్టోబరు 27న డకోటాలు ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కు సైనికులను చేర్చాయని మీరే చదువుకుని వెళ్లాలి. ఆ తరం దగ్గర పని నేర్చుకున్నవారు ఇప్పటికీ ఉన్నారు. వారి గురువులు ఏ మాటలతో నేర్పారన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు.

అభ్యాసం: విశాఖ బీచ్ రోడ్డులోని టీయూ–142 మ్యూజియానికి ఒక సాయంత్రం వెళ్లండి. నౌకాదళం 2017లో విరమింపజేసిన గస్తీ విమానం అది, సరుకు విమానం కాదు. ఒక్కో ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లుంటాయి, అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. అది టర్బైన్ ఇంజను, సిలిండర్లు ఉండవు. పైన చెప్పినవాటిలో ఏ పని దీనికి అక్కర్లేదో, ఎందుకో అక్కడే నిలబడి మీ మాటల్లో రాయండి. వీలైతే మీ పైలట్ గారిని వెంట తీసుకెళ్లండి.

వచ్చే పాఠం సరుకు గురించి. డకోటా తోక చక్రం మీద వాలి నిలబడుతుంది కాబట్టి లోపలి నేల ఏటవాలుగా ఉంటుంది. తలుపు దగ్గర ఎక్కించిన బస్తాను ముందుకు చేర్చాలంటే ఎగువకు నెట్టాలి. ఆ బస్తాలు నెట్టినవారెవరో, తాళ్లు బిగించినవారెవరో అడిగి, గుర్తున్న పేర్లన్నీ రాసుకుని రండి.