సింగపూర్ హోటల్ గదిలో ఉగ్గాణి

సింగపూర్ తిరగడానికి పోయినప్పుడు పొద్దున్నే మనకు పట్టే టిఫిన్ దొరకదు, మనవాళ్ల హోటళ్లుండే లిటిల్ ఇండియా దాకా పోతే పూట గడిచిపోతుంది. బొరుగులు (మరమరాలు) తీసుకుపోండి, వాటిని నానబెట్టి పోపు పొడి కలిపే మన ఉగ్గాణి గదిలోనే చేసుకోవచ్చు.

ఇంట్లోనే రెండు పెద్ద చెంచాల నూనెలో ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, నాలుగు ఎండుమిరపకాయలు, కరివేపాకు గలగలలాడేదాకా వేయించి, పసుపు, ఉప్పు, నాలుగు చెంచాల పుట్నాలపొడి కలిపి, పూర్తిగా ఆరినాక జిప్ కవర్లో పెట్టండి. వేడి మీద మూస్తే చెమ్మ చేరి పప్పులు మెత్తబడతాయి. ఇది ఇద్దరికి ఒక పూటకు. బొరుగులు మనిషికి రెండు పెద్ద గ్లాసులు, సూట్‌కేసు సందుల్లో కూరేయొచ్చు.

అక్కడ కొళాయి నీళ్లు తాగేవే. వాటిలోనే బొరుగులు ముంచి, అర నిమిషంలో గట్టిగా పిండి, పొడి కలిపి నిమ్మకాయ పిండుకోండి. కెటిల్ వేడినీళ్లు పోస్తే మాత్రం ముద్దే. మిగిలింది డబ్బాలో పెట్టుకున్నా ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో) రైల్లో మూత తీయొద్దు, తింటే 500 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా.

పొడిలో గసగసాలు అసలు వేయకండి, అక్కడ నిషిద్ధం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అయితే తిండి సామాను ఏదున్నా దిగేముందు ఫారంలో రాయాల్సిందే.