నెలల తరబడి నడిచిన బ్రాంచిని ట్రంక్‌లో కలిపే ముందు: సబ్‌వర్షన్ వాడేవారికి జాగ్రత్తలు

కోడ్ మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్ సబ్‌వర్షన్‌లో బ్రాంచి (ప్రధాన కోడ్ అయిన ట్రంక్ నుంచి విడిగా పనిచేసుకునే కాపీ) తీయడం క్షణంలో అయిపోయే పని. రిపాజిటరీ (కోడ్, దాని చరిత్ర ఉండే నిల్వ) ఎంత పెద్దదైనా సర్వర్ ఫైళ్లన్నిటినీ మళ్లీ రాసుకోదు, ఫలానా రివిజన్ (నంబర్ వేసి నమోదైన మార్పు) నుంచి మొదలైందని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. కష్టమంతా తిరిగి కలిపేటప్పుడు. రిలీజ్ ముంగిట మెర్జ్‌కు (కలపడానికి) కూర్చున్న రోజున ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు అంతకుముందు వారాల్లో వదిలేసిన పనుల వల్ల వచ్చినవే. అందుకే ఈ జాగ్రత్తలు ఆ రోజుకు చాలా ముందే మొదలవ్వాలి.

ముందుగా మీ క్లయింట్ (మీ కంప్యూటర్‌లోని సబ్‌వర్షన్ ప్రోగ్రామ్) వెర్షన్ చూసుకోండి. ఏ రివిజన్ ఎక్కడ కలిసిందో గుర్తుపెట్టుకునే మెర్జ్ ట్రాకింగ్ 2008లో 1.5తో వచ్చింది. 1.5 నుంచి 1.7 దాకా బ్రాంచిని ట్రంక్‌లోకి తేవాలంటే రీఇంటిగ్రేట్ ఆప్షన్ విడిగా ఇవ్వాలి. 2013లో వచ్చిన 1.8 నుంచి క్లయింటే దాన్ని గుర్తిస్తుంది. మెర్జ్ చేసేవాళ్లు కనీసం 1.8 వాడాలి. 1.10 అయితే ఇంకా మేలు, పేరు మారిన ఫైళ్ల చిక్కులను విప్పడంలో అది చాలా సాయపడుతుంది.

బ్రాంచి బతికున్నంత కాలం వారానికోసారైనా ట్రంక్‌ను బ్రాంచిలోకి మెర్జ్ చేస్తూ ఉండండి. ఇది ఎప్పుడూ బ్రాంచి రూట్ (అన్నిటికంటే పై ఫోల్డర్) నుంచే జరగాలి. "నాకు ఈ ఒక్క ఫోల్డర్ చాలు" అని లోపలి ఫోల్డర్‌లో మెర్జ్ చేస్తే మెర్జ్ఇన్ఫో ప్రాపర్టీ (ఏ రివిజన్లు కలిశాయో రాసుండే గుర్తు) ఆ ఫోల్డర్‌కు విడిగా అంటుకుంటుంది. ఆ ఫోల్డర్ లెక్క ఒకటి, రూట్ లెక్క ఇంకొకటి అవుతుంది. చివరికి రీఇంటిగ్రేట్ చేయబోతే కొన్ని రివిజన్లు ఇంకా కలవలేదంటూ క్లయింట్ ఆపేస్తుంది. ప్రాప్‌గెట్ కమాండ్‌ను రికర్సివ్‌గా (లోపలి ఫోల్డర్లన్నిటి మీదా) నడిపితే మెర్జ్ఇన్ఫో ఎక్కడెక్కడ ఉందో బయటపడుతుంది. రూట్ కాక వేరేచోట కనిపిస్తే కంగారుపడి చెరిపేయకండి, చెరిపితే ఏది కలిసిందో ఆ చరిత్రే పోతుంది. ముందు రూట్ నుంచి పూర్తి సింక్ (ట్రంక్‌ను బ్రాంచిలోకి మెర్జ్) చేసి చూడండి. ట్రంక్‌లోని ఫిక్స్‌ను చేత్తో కాపీ చేసి బ్రాంచిలో అతికించడం కూడా ఇలాంటి పొరపాటే: సబ్‌వర్షన్ దృష్టిలో అవి రెండు వేర్వేరు మార్పులు.

పేర్లు మార్చడం దగ్గర ఇంకా ఎక్కువ శ్రద్ధ కావాలి. ఫైల్ పేరు సబ్‌వర్షన్ మూవ్ కమాండ్‌తోనే మార్చాలి. ఫైల్ మేనేజర్‌లో మార్చి కొత్త పేరును యాడ్ చేస్తే పాత చరిత్ర తెగిపోతుంది. ఈలోగా ట్రంక్‌లో ఎవరైనా పాత పేరున్న ఫైల్‌ను దిద్దితే అది ట్రీ కాన్‌ఫ్లిక్ట్‌గా (ఫైల్ పేరు, చోటు మారడం వల్ల మార్పులు పొసగకపోవడం) ఎదురవుతుంది, ఆ దిద్దుబాటును మీరే చేత్తో కొత్త ఫైల్‌లోకి తేవాలి. ట్యాబ్‌లను స్పేస్‌లుగా మార్చడం, ఫైల్ మొత్తాన్ని ఫార్మాటర్‌తో సర్దడం బ్రాంచిలో అసలు వద్దు. ప్రతి లైనూ మారినట్టే లెక్క కాబట్టి అవతల ఎవరు ఒక్క లైన్ ముట్టుకున్నా గొడవే. ఫార్మాటింగ్ తప్పదనుకుంటే ట్రంక్‌లో విడి కమిట్‌గా (రిపాజిటరీలో విడి నమోదుగా), బ్రాంచీలేవీ తెరిచి లేనప్పుడు చేయండి. బొమ్మలు, ఎక్సెల్ ఫైళ్ల లాంటివి మెర్జ్ కావు. వాటికి లాక్ వేసినా ఆ లాక్ ఆ పాత్‌కే వర్తిస్తుంది, ట్రంక్‌లో వేసిన లాక్ బ్రాంచిలోని కాపీని ఆపదు. ఎవరు ఎక్కడ మారుస్తున్నారో టీమ్‌లో చెప్పుకోవడమే దారి.

ఇక మెర్జ్ రోజు. ఆ కొన్ని గంటలు ట్రంక్‌లో కమిట్‌లు ఆపమని అందరికీ చెప్పండి. ట్రంక్‌కు ఒక ట్యాగ్ (ఆ క్షణపు స్థితికి పేరుపెట్టిన కాపీ) తీసి రివిజన్ నంబర్ రాసి పెట్టుకోండి. చివరి సింక్ చేసి, బ్రాంచిలో కమిట్ చేసి, మెర్జ్ఇన్ఫో కమాండ్‌తో ట్రంక్ నుంచి రావాల్సిన రివిజన్లు ఇంకేమైనా మిగిలాయా అని అడగండి. జాబితా ఖాళీగా వచ్చేదాకా ముందుకు కదలొద్దు. తర్వాత ట్రంక్‌ను కొత్తగా చెకౌట్ చేయండి (మీ కంప్యూటర్‌లోకి వర్కింగ్ కాపీగా దింపుకోండి): పూర్తి చెకౌట్, సగం ఫోల్డర్లది కాదు. స్టేటస్ ఖాళీగా ఉండాలి. వర్కింగ్ కాపీలో రివిజన్లు కలగాపులగంగా ఉంటే 1.7 నుంచి మెర్జ్ మొదలే కాదు. దాన్ని దాటేసే ఆప్షన్ వెతుక్కోకండి, అప్‌డేట్ చేస్తే సరిపోతుంది.

డ్రై-రన్‌తో (ఏదీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపే ప్రయత్నం) మొదలుపెట్టి, కాన్‌ఫ్లిక్ట్‌లు కొద్దిగానే ఉంటే అసలు మెర్జ్ చేయండి. కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడు "మైన్-ఫుల్", "దెయిర్స్-ఫుల్" ఎంచుకునే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఇక్కడ మైన్ అంటే ట్రంక్, దెయిర్స్ అంటే బ్రాంచి. సింక్ చేసేటప్పుడు ఇది తిరగబడుతుంది. పైగా ఫుల్ అంటే ఆ ఫైల్‌లో గొడవ లేని మార్పులు కూడా ఒక పక్కవి పూర్తిగా పోతాయి. చేసిన పని పోయే చోటు ఇదే, పైకి ఏ ఎర్రరూ కనిపించదు.

కమిట్‌కు ముందు బిల్డ్, టెస్టులు నడపండి. కమిట్ రూట్ నుంచి, అంతా ఒకే దెబ్బలో జరగాలి. ఐడీఈలో ఫైళ్లకు మాత్రమే టిక్ పెట్టి రూట్ ఫోల్డర్‌ను వదిలేయడం తరచూ జరిగే తప్పు. రూట్ మీది మెర్జ్ఇన్ఫో ఎక్కకపోతే మెర్జ్ జరిగినట్టు సబ్‌వర్షన్‌కు తెలియదు, వచ్చేసారి అవే మార్పులు కాన్‌ఫ్లిక్ట్‌లుగా తిరిగొస్తాయి.

కమిట్ అయ్యాక ట్రంక్‌కు, బ్రాంచికి డిఫ్ (తేడాల జాబితా) తీయండి. మెర్జ్ఇన్ఫో తప్ప తేడా ఉండకూడదు. ఉంటే ఏదో కాన్‌ఫ్లిక్ట్‌ను తప్పుగా విప్పారని అనుమానించాలి. ఈ పరీక్ష రెండు నిమిషాల పని, దయచేసి వదలకండి. గట్టి తప్పు దొరికితే ఆ రివిజన్ నంబర్ ముందు మైనస్ పెట్టి ట్రంక్‌లో రివర్స్ మెర్జ్ చేసి కమిట్ చేస్తే వెనక్కి వెళ్లొచ్చు. 

అంతా సవ్యంగా ఉందని తేలాక బ్రాంచిని తీసేయండి. 1.8లో దాన్ని కొనసాగించవచ్చు గానీ, తర్వాతి పనికి ట్రంక్ నుంచి కొత్త బ్రాంచి తీయడమే శుభ్రం. తీసేసినా చరిత్రలో ఉంటుంది, పాత రివిజన్ నుంచి కాపీ చేసి ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు. తీసేముందు ఆ బ్రాంచి మీద పనిచేస్తున్నవాళ్లు మిగిలిన మార్పులు కమిట్ చేశారో లేదో కనుక్కుని, వాళ్ల వర్కింగ్ కాపీలను ట్రంక్‌కు స్విచ్ చేయించండి.